ఒంటి గంట నుంచి నాలుగు: నిశ్శబ్దం

నవంబర్ 4, మంగళవారం. సాయంత్రం 5

ఈ తెల్లవారుజామున 4.50కి మా ఓల్టెన్ రైల్వే గూడ్స్ యార్డులో రెండు వ్యాగన్లను కలుపుతుండగా ఊర్సినా కాడుఫ్ ఎడమ చెయ్యి నలిగింది. వయసు నలభై మూడు. మా కింది ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఉంగరం వేలు, చిటికెన వేలు తీసేశారు. మధ్యవేలు సంగతి రెండు రోజుల తరువాత గానీ చెప్పరు.

చెప్పింది కోబి, మధ్యాహ్నం పేకాట బల్ల దగ్గర. నలభై ఏళ్ళు ఇంజిన్లు నడిపాడు. యార్డులో ఏం జరిగినా గంటలో అతనికి తెలుస్తుంది. వారం రోజులుగా ఆ మనిషి నిలబడే నిద్రపోతోందట, మొన్న కాఫీ కప్పు చేతిలో ఉండగానే కళ్ళు మూసేసిందట. అవునూ వెర్నర్, మీ కింది ఇల్లే కదోయ్, అన్నాడు. అవునన్నాను. ఆట ఓడిపోయాం.

4.10కి ఇల్లు చేరాను. చిలుకలు నిశ్శబ్దంగా ఉన్నాయి.

రాత్రి 7.30

ముప్ఫై ఎనిమిదేళ్ళు కోర్టు వార్తలు రాశాను. డైరీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ మొదలుపెట్టడానికి కారణం: కాడుఫ్ నా చిలుకల మీద ఫిర్యాదు చేసింది. అది వీగిపోయింది. వీగిపోయేలా చేసింది నేను.

చిలుకలు రెండు. పచ్చవి, పొడుగు తోకలవి. మగదాని మెడకు గులాబీ పట్టీ. దాని పేరు బ్లిట్జ్, ఆడదాని పేరు నీనా. మా పేపర్ ఫొటోగ్రాఫర్ గుస్తి వీస్ పెంచినవి. ఏప్రిల్‌లో గుస్తి పోయాడు. మిగతావాళ్ళు కెమెరాలు పంచుకున్నారు, నేను పంజరం తెచ్చుకున్నాను. ఒక్కదాన్ని ఇవ్వమని ఒకరిద్దరు అడిగారు. కుదరదు. ఈ దేశంలో చిలుకను ఒంటరిగా ఉంచడం చట్టరీత్యా నేరం. మనుషుల విషయంలో అలాంటి చట్టమేదీ లేదు.

కాడుఫ్ పని రాత్రి రెండు నుంచి ఉదయం పదకొండు దాకా. నిద్ర మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి. ఆమె పడకగది మీదే పంజరం ఉన్న గది. సెప్టెంబర్‌లో వచ్చి తలుపు తట్టింది. ఏగర్టర్ గారూ, మీ పక్షులకు మధ్యాహ్నం పూట ఏదో ఒకటి పెట్టి నోరు మూయించండి, లేకపోతే నేనే పైకొచ్చి జోలపాట పాడతాను, అంది. నవ్వుతూనే అంది. మధ్యాహ్నం అవి నోరు విప్పవని చెప్పాను. నిజమనుకునే చెప్పాను.

ఆమె మా ఇళ్ళ సహకార సంఘానికి రాసింది. సంఘం కార్యదర్శి బీలర్, ఇక్కడ ఎవరైనా చేసేదే చేశాడు. ఇద్దరూ ఆరు వారాలు శబ్దాల చిట్టా రాయండన్నాడు. తేదీ, గంట, ఎంతసేపు, ఏ రకం చప్పుడు. అక్టోబర్ చివర రెండు చిట్టాలూ పక్కపక్కన పెట్టాడు. ఆమెది డ్యూటీ కాగితాల వెనక పెన్సిలు రాత, వరసలు కిందికి జారిపోతున్నాయి. నాది టైపు చేసిన ఇరవై నాలుగు పేజీలు. బీలర్ నా వైపే చూస్తూ, ఏగర్టర్ గారు చూడనిది రాయరు, ఊరందరికీ తెలుసు, అన్నాడు.

నవంబర్ 5, బుధవారం

పొగమంచు. ఎదురింటి కిటికీలు కనిపించడం లేదు.

పదింటికి మెట్ల మీద కాడుఫ్ చెల్లెలు ఫ్లురీనా ఎదురైంది. అక్క బట్టలకని వచ్చింది. జరిగింది విని బాధపడ్డానన్నాను. అవునా, మీ మహారాణులు కులాసానా, మధ్యాహ్నం కచేరీ బాగా సాగుతోందా, అంది. మధ్యాహ్నం అవి అరవవని, చిట్టా ఉందని చెప్పాను. చేతిలో సంచి మెట్టు మీద పెట్టేసింది. మీ చిట్టా గురించి నాకా చెబుతున్నారు, దాన్ని మా అక్క కంపెనీవాళ్ళు కూడా చదివారు, అదైనా తెలుసా మీకు, అంది.

తెలియదు. ఆమె చెప్పింది ఇది. కాడుఫ్ రెండు నెలలు పగటి షిఫ్ట్ ఇమ్మని అడిగింది. కారణం నిద్ర లేకపోవడం. తన చిట్టా జతచేసింది. అక్టోబర్ 28న కంపెనీ బీలర్‌కి ఫోన్ చేసింది. బీలర్ నా చిట్టా పంపాడు, ఫిర్యాదు నిలవలేదని సంఘం తరఫున ఒక ఉత్తరం జతచేసి. 30న జవాబొచ్చింది: ఇంటి దగ్గర నిద్రాభంగానికి కారణమేదీ రుజువు కాలేదు, షిఫ్ట్ మార్పు కుదరదు. అయిదో రోజు చెయ్యి నలిగింది.

డిసెంబర్ 4న విచారణ. కంపెనీ, బీమావాళ్ళు కలిసి కూర్చుంటారు. తప్పు ఆమె అజాగ్రత్తదే అని తేలితే పరిహారంలో కోత పడుతుంది, ఉద్యోగం పోతుంది. షిఫ్ట్ మార్చనందుకు తప్పు కంపెనీదని తేలితే రెండూ నిలుస్తాయి.

వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. అక్టోబర్‌లో రెండు మధ్యాహ్నాలు నేనూ అక్క మంచం మీద పడుకున్నానండీ, చెవుల్లో దూది కుక్కుకున్నా లాభం లేకపోయింది, పెద్దవాళ్ళు కాబట్టి ఇంతకంటే అనలేను, అంది.

ఒకరు చెబితే ఆరోపణ. వేరువేరుగా ఇద్దరు చెబితే కనుక్కోవలసిన విషయం. కొత్తగా చేరిన రిపోర్టర్లకు నేనే నేర్పేవాడిని.

నవంబర్ 6, గురువారం. మ. 12.45

పాత రికార్డర్‌కి కొత్త బ్యాటరీలు వేశాను. పుస్తకాల అరలో పెట్టాను. పేకాటకు వెళుతున్నాను.

సాయంత్రం 6.30

3 గంటల 20 నిమిషాల రికార్డింగ్. విన్నాను.

12.51. తలుపు, తాళం. ఏడు నిమిషాలు ఏమీ లేదు.

12.58. నీనా ఒక్కసారి పిలిచింది. ఆగింది.

1.03. రెండూ అందుకున్నాయి. వాల్యూమ్ సగానికి తగ్గించవలసి వచ్చింది. ఇనప రేకు మీద మేకుతో గీస్తే వచ్చే చప్పుడు, ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీసుకునేంత ఎడం కూడా లేకుండా. మధ్యలో మూడు నాలుగు నిమిషాలకోసారి బ్లిట్జ్ ఆగుతుంది. ఈల వేస్తుంది. రెండు స్వరాలు, కింద ఒకటి, పైన ఒకటి. నేను తాళం తీస్తూ వేసే ఈల అది. ఆ ఈల వేసి వింటుంది. ఏడెనిమిది సెకన్లు రికార్డర్‌లో గడియారం టిక్కుటిక్కు తప్ప ఏమీ ఉండదు. తరువాత మళ్ళీ అరుపు.

4.07కి ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో తెలియక మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు ఉంది, చాలా సన్నగా. తరువాత అడుగులు. నా అడుగులే. 4.09కి తాళం. లోపలికి వచ్చి, బాగున్నారా బుజ్జి తల్లులూ, అని నేనే అంటున్నాను.

నేను వెళ్ళేటప్పుడు నిశ్శబ్దం. వచ్చేసరికి నిశ్శబ్దం. మధ్యలో మూడు గంటలను నేను నింపాను. చిట్టా తీసి చూశాను. ఆదివారాలు తప్ప ముప్ఫై ఆరు మధ్యాహ్నాలు, ముప్ఫై ఆరుసార్లు ఒకే వాక్యం. ఒంటి గంట నుంచి నాలుగు: నిశ్శబ్దం. ఆ ముప్ఫై ఆరు మధ్యాహ్నాల్లో ఒక్కనాడూ నేను ఇంట్లో లేను.

1994లో ఒక గోదాము కాపలాదారు తిరగని గస్తీని తిరిగినట్టు పుస్తకంలో రాశాడు. ఆ రాత్రి గోదాము తగలబడింది. అతనికి ఎనిమిది నెలలు వేశారు. నేను మూడు కాలమ్‌ల వార్త రాశాను. తిరిగొచ్చేసరికి అంతా మామూలుగానే ఉంటుంది కదండీ, అని అతను బోనులో అన్న మాట కూడా అందులో రాశాను, నవ్వొచ్చేలా.

నవంబర్ 7, శుక్రవారం

ఎవరికీ చెప్పలేదు.

నవంబర్ 8, శనివారం

మళ్ళీ రికార్డ్ చేశాను. అరుపులు 2 గంటల 41 నిమిషాలు.

నవంబర్ 10, సోమవారం

మూడోసారి. 2 గంటల 48 నిమిషాలు. మొదటిసారే విషయం తేలిపోయింది. మిగతా రెండూ సరిచూడడం అనే పేరు పెట్టి నేను తీసుకున్న వాయిదాలు.

మధ్యవేలు నిలిచిందని కోబి చెప్పాడు.

నవంబర్ 12, బుధవారం

బీలర్ ఫోన్. విచారణవాళ్ళు నా చిట్టా అసలు ప్రతి అడిగారట. ప్రతి పేజీ కింద, ఇది నేను స్వయంగా గమనించి రాసినది, అని సంతకం పెట్టి 21లోగా ఇవ్వాలి. మీకదో లెక్కా, కళ్ళు మూసుకుని పెట్టేస్తారు, అన్నాడు. మాటవరసకే అన్నాడు.

ఒకటి రెండు గంటల విషయంలో నాకు కొంచెం అనుమానంగా ఉందన్నాను.  ఏగర్టర్ గారూ, అందరూ అంతో ఇంతో అంచనా వేసే రాస్తారండీ, మీరు పోలీసు డైరీ రాస్తున్నారా ఏమిటి, అన్నాడు. ఆవిడకి ఎలాగూ ఎంతో కొంత వస్తుందండీ, మీ పక్షులు మీకుంటాయి, మా ఉత్తరం మాకుంటుంది, ఎవరి కొంపా మునగదు, అన్నాడు.

నవంబర్ 13, గురువారం

ఆసుపత్రికి వెళ్ళాను. కాడుఫ్ నిద్రలో ఉంది. కట్టు మోచేతి దాకా ఉంది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ పగలంతా నిద్రేనండీ, భోజనానికి లేపాలంటే పాపం అనిపిస్తుంది, అని నర్సు చెప్పింది. పావుగంట నిలబడ్డాను. లేపలేదు. లేపనక్కర్లేనందుకు సంతోషం కలిగింది. అది కూడా రాసి ఉంచాలి.

నవంబర్ 14, శుక్రవారం

పక్షుల ఆశ్రయం నడిపే ఒకావిడకు ఫోన్ చేశాను. గొంతు బొంగురుగా ఉంది, వెనక నలభై పక్షులు. మీవి ఎన్ని, అని అడిగింది. రెండు అన్నాను. కాదు, మూడు, అంది. మందలో ఒకరు కనబడకపోతే మిగతావి పిలుస్తాయట. ఎక్కడున్నావు అని ఒకటి, ఇక్కడున్నా అని ఇంకొకటి. రోజంతా అదే సంభాషణ. జవాబొస్తే ఊరుకుంటాయి. రాకపోతే గొంతు పెంచుతాయి. మీరు దాన్ని అరుపంటున్నారు, వాటికి అది హాజరు పిలవడం, అంది.

గుస్తి పోయినప్పుడు ఏం చేశాయో, అన్నాను. ఎవరైనా దగ్గరుండి విన్నారా, అని అడిగింది. ఎనిమిది రోజులు పంజరం అతని ఖాళీ ఇంట్లోనే ఉంది. పక్కింటావిడ పొద్దున్నే గింజలు వేసి వెళ్ళేది.

ఏం చెయ్యాలో చెప్పింది. పేకాట మానండి. రోజూ రెండు నిమిషాలు బయటికి వెళ్ళి, అవి అరవకముందే తిరిగి రండి. తరువాత మూడు, తరువాత అయిదు. అరుస్తున్నప్పుడు మాత్రం లోపలికి అడుగు పెట్టకండి, అరిస్తే వస్తారని నేర్చుకుంటాయి. ఇంట్లో ఉన్నప్పుడు పిలిస్తే పలకండి. ఎంతకాలం పడుతుందన్నాను. ముసలాళ్ళా, అంది. చిలుకలు పదేళ్ళవని చెప్పాను. మీ సంగతి అడిగానయ్యా, అంది.

నవంబర్ 15, శనివారం

2 నిమిషాలు. మెట్ల మీద నిలబడ్డాను. నిశ్శబ్దం. నేను విన్నాను.

నవంబర్ 17, సోమవారం

4 నిమిషాలు. వంటింట్లో ఉండగా నీనా పిలిచింది. ఈల వేశాను. ఊరుకుంది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ వేశాను. బంగాళాదుంపలు తరిగేలోపు పద్నాలుగుసార్లు.

నవంబర్ 18, మంగళవారం

పేకాటకు రావడం లేదని కోబి వెతుక్కుంటూ వచ్చాడు. పేకముక్కలు తెచ్చాడు. పెళ్ళాం ఉన్నన్నాళ్ళూ నిన్ను ఇంట్లో కట్టేయలేకపోయింది, చివరికి రెండు చిలుకలు కట్టేశాయి చూడు, అన్నాడు. బ్లిట్జ్ అతని టోపీ మీద వాలి రెట్ట వేసింది. ఇదేనటోయ్ మీ పేపరువాళ్ళ మర్యాద, అన్నాడు.

రికార్డింగ్ వినిపించాను. అయిదు నిమిషాలు విని ఆపమన్నాడు. ముక్కలు కలుపుతూ కూర్చున్నాడు, పంచలేదు. వ్యాగన్లను కలిపే కప్లింగ్ మధ్య నిలబడ్డ మనిషికి ఒక్క సెకను చాలు వెర్నర్, అన్నాడు. ఒక్క సెకను కళ్ళు మూతబడితే చాలు. నేను ఇంజిన్ మీంచి అలాంటివి రెండు చూశాను, అన్నాడు.

ఏం చేస్తావని అడగలేదు. కోటు తొడుక్కుంటూ, ఇరవై ఒకటో తారీఖన్నావు కదూ, అన్నాడు.

నవంబర్ 19, బుధవారం

విచారణ కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఒక పేజీ. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు వరకు నేను రాసిన ముప్ఫై ఆరు నమోదులూ చూడకుండా రాసినవి, ఆ సమయంలో నేను ఇంట్లో లేను, మూడు రికార్డింగులు జతచేస్తున్నాను, కాడుఫ్ చిట్టాలోని గంటలు వాటితో సరిపోతున్నాయి. విశేషణం ఒక్కటి కూడా పడలేదు. రాయడానికి నాలుగు గంటలు పట్టింది. రిజిస్టర్ పోస్టులో వేశాను. బీలర్‌కి నకలు.

పోస్టాఫీసుకి వెళ్ళి రావడం 19 నిమిషాలు. వీధి మలుపు దగ్గరే వినిపించాయి. వీధి తలుపు దగ్గర నిలబడి, అవి ఆగేదాకా లోపలికి రాలేదు. ఇరవై రెండు నిమిషాలు. చలి. గోడ దాటి వీధిలోకే ఇంత వినిపిస్తే, ఆ అరుపు కింది గదిలోకి ఎంత దిగుతుందో అర్థమైంది.

నవంబర్ 20, గురువారం

బీలర్ స్వయంగా వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మీ చిట్టా తప్పయితే నా ఉత్తరం తప్పు, నా ఉత్తరం తప్పయితే సంఘం తప్పు, ఒక్కరే మునగడం చేతకాదా మీకు, అన్నాడు. బ్లిట్జ్ పిలిచింది. ఈల వేశాను. నేనిక్కడ మాట్లాడుతుంటే ఈలలేమిటండీ, అన్నాడు. పలకకపోతే అరుస్తుందని చెప్పాను. అరిస్తే అరవనివ్వండి, ఊరంతా వినాలనేగా మీ సరదా, అన్నాడు. తలుపు మెల్లగానే వేసి వెళ్ళాడు. ఇంటి నియమాల ప్రకారం చప్పుడు చెయ్యకూడని మధ్యాహ్న విశ్రాంతి సమయం అది.

నవంబర్ 22, శనివారం

7 నిమిషాలు. ఎండ చూసి పదమూడు రోజులయింది.

నవంబర్ 24, సోమవారం

కాడుఫ్ మెలకువగా ఉంది. నిలబడే చెప్పాను. చూడకుండా రాశానని, పేకాటలో ఉన్నానని, ఉత్తరం పంపానని. మొత్తం రెండు నిమిషాలు.

పేకాటలో గెలిచేవారా, అని అడిగింది. అప్పుడప్పుడూ అన్నాను. తల ఊపింది.

పడుకునే రాసేదాన్నండీ ఆ చిట్టా, లేచి దీపం వేస్తే మళ్ళీ నిద్ర పట్టదేమోనని చీకట్లోనే రాసేదాన్ని, అందుకే వంకర, అంది. ఇదేం రాతమ్మా, కోడి గీకినట్టుంది అని బీలర్ నవ్వాడట. మీ చిట్టా చూశాక నేనూ నమ్మేశాను, అంది. ఏం నమ్మారన్నాను. పక్షులు అరవడం లేదని. ఇంత పెద్దమనిషి, ఇన్ని పేజీలు, గంట గంటకూ నిశ్శబ్దం అని రాశాడు, అబద్ధం ఎందుకు రాస్తాడు అనుకున్నాను. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చెవుల్లో ఏమీ లేదన్నాడు. అయితే తలలో ఉందన్నమాట అనుకున్నాను. చివరి వారం అవి అరుస్తుంటే లేచి కూర్చుని, లేదు, ఇది లేదు, అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

క్షమించమని అడిగాను. కిటికీ వైపు చూసి, మంచు ఇంకా విడలేదు కదూ, అంది. లేదన్నాను. వచ్చేశాను.

నవంబర్ 27, గురువారం

సంఘం నుంచి ఉత్తరం. నా లిఖితపూర్వక ఒప్పుకోలు ప్రకారమే చిలుకలు ఇంటి నియమాలను ఉల్లంఘిస్తున్నాయి, డిసెంబర్ 31లోగా తొలగించాలి. కింద బీలర్ సంతకం. తప్పు పట్టడానికి లేదు. ప్రతి వాక్యానికీ ఆధారం నేనే ఇచ్చాను.

ఆశ్రయం ఆవిడకు ఫోన్ చేశాను. రెండింటికీ కలిపి చోటుంది, కానీ ముందే చెబుతున్నాను, అక్కడా మొదటి నెల మూడోవాడి కోసం పిలుస్తాయి, అంది.

11 నిమిషాలు.

నవంబర్ 29, శనివారం

ఉ. 11.20కి కాడుఫ్ ఇంటికి వచ్చింది. కారు తలుపు, తరువాత మెట్ల మీద ఇద్దరి అడుగులు. ఫ్లురీనా, మెల్లగా అక్కా, నేనున్నానుగా, ఆ చెయ్యి ఆనించకు, అంటోంది.

నేను పంజరం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒంటి గంట నుంచి నాలుగు వరకు లేవలేదు. నీనా నా చొక్కా గుండీ కొరుకుతూ ఉంది. అరుపు లేదు. ఈలలు నలభై ఒకటి, అన్నీ సన్నవే. ఇది నేను చూసి రాస్తున్నాను.

నవంబర్ 30, ఆదివారం

మ. 3.15కి కింద ఏదో పడింది. గిన్నె అనుకుంటాను. తరువాత ఒక తిట్టు. తరువాత చాలాసేపు ఏమీ లేదు.

డిసెంబర్ 1, సోమవారం

26 నిమిషాలు. రొట్టె, పాలు, జున్ను, గింజలు. పరుగులాంటి నడక. డెబ్భై ఒకటో ఏట ఇదొకటి.

మెట్ల దగ్గర ఫ్లురీనా. చిలుకలను పంపించేస్తున్నారట కదా అంది. అవునన్నాను. అది మేం అడగలేదు, అంది. అక్క అడిగింది నిద్ర ఒక్కటే, పక్షులు ఉంటే ఏమిటి, పోతే ఏమిటి, ఇప్పుడు పోతే మాత్రం ఆ వేళ్ళొచ్చి అతుక్కుంటాయా. ఈసారి గొంతు పెంచలేదు. సంచిలో జార్లకు తిప్పకుండా ఒంటి చేత్తో తెరిచే మూతలున్నాయి.

డిసెంబర్ 2, మంగళవారం

నన్ను సాక్షిగా పిలుస్తూ కాగితం వచ్చింది. గురువారం. అబద్ధపు నమోదుకు నా మీద చర్య తీసుకునే అవకాశం ఉందని చివరి పేరాలో ఉంది. అది ఎంత నిజమో నాకు తెలుసు. ఆ పేరా అర్థాన్ని చాలామందికి నేనే విప్పి చెప్పాను.

నాకు కనీసం మూడు గంటలు పడుతుంది. చిలుకలకు ఇవాళ్టి 34 నిమిషాలకు మించి చేతకాదు. గురువారం పొద్దున వచ్చి కూర్చుంటావా అని కోబిని ఫోన్‌లో అడిగాను. కిందావిడ కూడా విచారణకే కదోయ్ పోయేది, బిల్డింగులో వినేవాళ్ళే లేరు, అరుచుకోనీ, ఎవరికి నష్టం, అన్నాడు. వాటికి, అన్నాను.  ఆ ఈల ఎలా వెయ్యాలో నేర్పు మరి, అన్నాడు. ఫోన్ పంజరం దగ్గర పెట్టి నేర్పాను. అతని ముందుపళ్ళ సందులోంచి గాలి పోతోంది. మూడు తప్పులు. నాలుగోదానికి బ్లిట్జ్ జవాబిచ్చింది.

డిసెంబర్ 3, బుధవారం. సాయంత్రం 5.40

తలుపు తట్టిన చప్పుడు. కాడుఫ్. సెప్టెంబర్ తరువాత ఇప్పుడే పైకి రావడం. ఎడమ చెయ్యి శాలువా కింద ఉంది. లోపలికి రమ్మన్నాను, అక్కర్లేదంది. నా భుజం మీదుగా పంజరం చూసింది. ఇంత చిన్నవా, అంది.

వాటిని ఆమె ఎప్పుడూ చూడలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

కొత్త మనిషిని చూసి నీనా పిలిచింది. ఒక్కసారి, గట్టిగా. కాడుఫ్ కళ్ళు మూసుకుని తెరిచింది. నేను ఈల వెయ్యబోయి ఆగాను. మీరు పలకండి, నేనేమీ అనుకోను, అంది. వేశాను. నీనా ఊరుకుంది. ఇంతేనా, అంది. ఇంతే, అన్నాను.

గుమ్మం చెక్కకు కుడి చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. రేపు ఏ బస్సుకు వెళుతున్నారు, అని అడిగింది. 8.05కి అన్నాను. సరే, అయితే నేను 8.20కి వెళతాను, అంది.

మెట్లు దిగుతుంటే లెక్కపెట్టాను. పద్దెనిమిది మెట్లు. మధ్యలో ఒకసారి ఆగింది.

డిసెంబర్ 4, గురువారం. ఉ. 7.50

కోబి వచ్చాడు. పంజరం పక్కన కూర్చున్నాడు, టోపీ తియ్యకుండా.

విచారణ 9.30కి, రెండో అంతస్తు, గది 14. ముందు కాడుఫ్. 10.15కి నేను.